చలిమెట్ట మీంచి ఎవరూ దిగడం లేదు

మొదటి మొర

పెట్టే, వింటున్నావా? ఎర్రలైటు వెలిగింది కాబట్టి వింటున్నావనే అనుకుంటాను. ఇందులో మాట్లాడితే కింద పట్నంలో నీటికోర్టు జడ్జీలు వింటారని మా సన్యాసిరావు చెప్పాడు. నాకు రాత రాదు. రాకపోతే ఏటి, నోరుంది. ఉన్నది ఉన్నట్టు ఎక్కించుకో. మధ్యలో నీ తెలివి కలపకు.

నా పేరు రొంగలి దాలెమ్మ. చలిమెట్ట జారుడుకొండ మీద, పైకొసన, తిట్లమనిషిని.

నవ్వకండి. అది ఉద్యోగం. లోవరాజుగారు ఈ మెట్టకి కుర్చీ లిఫ్టు కట్టించి, జనం కాళ్ళకి చెక్కలు బిగించి మంచులోకి వదలడం మొదలెట్టిన ఏడే నన్ను పెట్టుకున్నారు. లిఫ్టెక్కి పైకి రావడం అందరికీ సరదాయే. వచ్చి అంచున నిలబడి కిందకి చూస్తారు. ఆ సరదా అక్కడే గడ్డకట్టేస్తుంది. "కొంచెం ఆగి వెళ్తానమ్మా" అంటారు. ఆగినవాడి వెనక ఇంకోడు ఆగుతాడు. ఈ లిఫ్టు మనుషుల్ని పైకి తెస్తుంది గానీ కిందకి దింపదు. జారుడుకొండ ఎక్కినవాడు జారే దిగాలని లోవరాజుగారి పంతం. మరి ఆగినవాణ్ణి ఎవరు కదపాలి? నేను కదపాలి.

తిట్టు తగిలినవాడు నా వైపు తిరిగి "ఏమన్నావ్?" అంటాడు. నా వైపు చూసేవాడు లోతు చూడలేడు కదా. ఆ "ఏమన్నావ్" సగంలో ఉండగానే కాళ్ళు వెళ్ళిపోతాయి. మిగతా సగం కిందనుంచి వినపడుతుంది. మరుసటేడు వాళ్ళే మళ్ళీ లిఫ్టెక్కి వచ్చి, "కిందటేడు బాగా తిట్టావమ్మా, ఈ ఏడు మా బావమరిదిని కూడా తెచ్చాను" అని చెప్పి పోయేవారు.

లోవరాజుగారు పోయారు. తర్వాత సొసైటీవాళ్ళు చూశారు. వాళ్ళు కొండని చూసింది తక్కువ, మీటింగులు పెట్టింది ఎక్కువ. ఇప్పుడు మృదుహస్తం అని ఏదో విడిదుల కంపెనీ కొనుక్కుంది. దానికి యజమాని ఉన్నాడో లేడో తెలీదు, అంతా ఒక యంత్రం చూసుకుంటుందట. ఆ యంత్రం తరఫున మేనేజరమ్మ ఒకర్తె ఎగిరే బండిలో వచ్చి దిగింది. పేరు చందక విరజ. మెడలో తమలపాకంత తెల్లబిళ్ళ. అలాంటిదే ఇంకొకటి తీసి నా మెడలో వేసింది.

"అమ్మా, ఇది మర్యాద బిళ్ళ. మీరు మాట్లాడేది విని, అతిథుల మనసు నొచ్చుకోకుండా సర్ది, మైకులో చెబుతుంది."

"నా మాట అది చెప్పడమేటి? నాకు నోరు లేదా?"

"ఉందమ్మా. అదే ఇబ్బంది."

ఆ రోజు మొదటి కుర్చీలో వచ్చినాయన తెనాలి నుంచి కాంతారావుగారు, రిటైరైన లెక్కల మాస్టారు. అంచుకొచ్చాడు, చూశాడు, స్తంభంలా నిలబడిపోయాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"ఏటి మాస్టారూ, పెళ్ళిపంక్తిలో అప్పడం పట్టుకున్నట్టు ఆ కర్రలు పట్టుకుని నిలబడిపోయారు? మీ ముక్కు ఎప్పుడో కారి కిందకి దిగిపోయింది. మిగతా మాస్టారు ఎప్పుడు దిగుతాడు?"

బిళ్ళ టింగుమంది. మైకులో తేనె పోసినట్టు ఒక ఆడగొంతు: "గౌరవనీయ అతిథీ, తమ రాక మా భాగ్యం. తమకు వీలైనప్పుడు దిగవచ్చును."

కాంతారావుగారు ఇంకోసారి కిందకి తొంగిచూశాడు. "ఇప్పుడంత వీలుగా లేదండీ" అని చెక్కలు విప్పి, వాటిని మంచులో పరిచి, వాటి మీదే కూర్చున్నాడు.

ఇదీ మొదలు.

రెండో మొర

పెట్టే, ఆ కాంతారావుగారు ఇంకా దిగలేదు.

ఆయనొక్కడే అయితే నేను చీపురు తిరగేసేదాన్ని. ఆ వెనక వచ్చినవాళ్ళు కూడా దిగలేదు. ఎందుకో చెబుతా విను. రోజంతా మైకులో ఆ తేనెగొంతు వినీ వినీ జనానికి మర్యాద జలుబులా పట్టుకుంది. మాస్టారు లేచి నిలబడి వెనకాయనతో "మీరు కానివ్వండి" అంటాడు. ఆయన చేతులు జోడించి "అబ్బే, ఎంతమాట, మీరు ముందొచ్చారు" అంటాడు. "వయసులో పెద్దవారు, మీరుండగా నేనా?" అని ఇంకొకాయన. "ఆడవాళ్ళని ముందు పోనివ్వండి" అని ఒకడు. "మగవాళ్ళుండగా మేమెలా?" అని వాళ్ళు. బస్సెక్కేటప్పుడు ఒకణ్ణొకడు మోచేత్తో పొడుచుకునే జనమే ఇది! ఇక్కడ మాత్రం ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి అంచు వైపు మెత్తగా తోసుకుంటున్నారు, ఎవరూ కదలకుండా.

సందు దొరికిందని, ఆడవాళ్ళని ముందు పోనివ్వమన్నవాణ్ణి తిట్టాను. "ఒరే, మంచం మీంచి దిగడానికి కూడా మీ ఆవిణ్ణి ముందు దిగమంటావట్రా?" అన్నాను. బిళ్ళ దాన్ని "మీ దాంపత్యం వర్ధిల్లాలి" అని చెప్పింది. ఆయన నాకు నమస్కారం పెట్టాడు.

బిళ్ళ తీసేద్దామంటే, అది మెడలో లేకపోతే మా సిబ్బందికి సామాన్ల కుర్చీ కదలదు. నేనైనా, వంటవాళ్ళయినా కిందకి దిగేది ఆ కుర్చీలోనే. ఉప్పు, పప్పు, బియ్యం, నేను, అన్నీ దాన్లోనే. బిళ్ళ తీసిన సిబ్బంది సిబ్బంది కాదని మేనేజరమ్మ చెప్పింది. చెప్పి, "దయచేసి" అని కలిపింది. ఆ పిల్ల ఏం చెప్పినా చివర అదొకటి తగిలిస్తుంది.

మూడో మొర

పైన ఊరు వెలిసింది.

అబద్ధం కాదు. దిగని అతిథికి లోటు రాకూడదని యంత్రం గుడారాలు పంపింది. తర్వాత కుంపట్లు. తర్వాత పరుపులు. అంచుకి నాలుగడుగుల దూరంలో కాంతారావుగారు పిల్లలకి ఎక్కాలు చెబుతున్నాడు. రాజమండ్రి నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళు గుడారాల మధ్య తాడు కట్టి చీరలారేశారు. అవి అప్పడాల్లా గడ్డకట్టాయి, మడతపెడితే విరుగుతున్నాయి. వీళ్ళకొక సంఘం, సంఘానికి అధ్యక్ష పదవి. దానికి ఎన్నిక పెట్టారు, అందరూ ఎదుటివాడికే ఓటేశారు, ఇంకా తేలలేదు.

మృదుహస్తం యంత్రానికి మహదానందం. వచ్చిన అతిథి ఎవడూ వెళ్ళిపోవడం లేదు. ఇంత తృప్తి దాని లెక్కల్లో ఏ విడిదిలోనూ లేదట. మేనేజరమ్మకి మెచ్చుకోలు వచ్చింది. ఆ పిల్ల మొహం మాత్రం ఆనందంగా లేదు. ఎగిరే బండి పక్కన నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది.

ఎందుకో నాకు సన్యాసిరావు చెప్పాడు. సన్యాసిరావు లిఫ్టు కింద మీట నొక్కేవాడు. నాకు తమ్ముడి వరస, నన్ను అప్పా అంటాడు. సామాన్ల కుర్చీలో నేను దిగేసరికి మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"అప్పా, మన పని అయిపోనాది."

"ఏటయింది? లిఫ్టు చెడిందా?"

"లిఫ్టు బాగానే ఉంది. చట్టమే బాగోలేదు. మంచున్న కొండలన్నీ నీటిబోర్డు సొత్తు కదా. జనం జారే కొండని ఆటస్థలం కింద వొదిలేస్తారు. యాజమాన్యం మారితే మళ్ళీ మొదట్నుంచి రుజువు సూపించాల. కొత్తోళ్ళ కింద ఒక్క అతిథయినా జారినట్టు బోర్డోళ్ళు కళ్ళారా సూడాల. సూడకపోతే ఇది ఆటస్థలం కాదు, నిలవ నీరు. గొట్టాలు దింపి కరిగించీస్తారు."

"ఒక్కడు చాలా?"

"ఒక్కడు చాలు. ఉన్నాడేటి?"

పైకి చూశాను. కొస మీద అంతమంది జనం. ఒక్కడు లేడు.

పెట్టే, ఇది నా ఉద్యోగం గొడవ అనుకునేరు. కాదు. మా అమ్మ కాలంలో ఈ మెట్ట మీద కాఫీ మొక్కలుండేవట. నాకు తెలిసినకాడ్నుంచీ మంచే. చైత్రం ఎండకి ఈ మంచు మెల్లగా, తన ఇష్టం వచ్చినట్టు కరిగి, మా వాగులోకి దిగుతుంది. కింద ఏడూళ్ళ వరి ఆ నీళ్ళే తాగుతుంది. బోర్డువాళ్ళ వేడిగొట్టాలు పెడితే వారం తిరక్కుండా మెట్టని పిండేసి, పట్నం తొట్టెల్లో పోసుకుంటారు. అటుపక్క గుమ్మరాయి మెట్టని అలాగే పిండారు. వెళ్ళి చూడండి, అక్కడిప్పుడు రాళ్ళున్నాయి, బోర్డువాళ్ళ బోర్డుంది. ఊరు లేదు.

నాలుగో మొర

మేనేజరమ్మ గదికి వెళ్ళాను. తలుపు కొట్టలేదు. నేనెప్పుడూ కొట్టను.

"అమ్మాయ్, ఒక్క పూట ఈ గంట నా మెడలోంచి తియ్యి. ఒక్కణ్ణి తిడతాను. ఒకే ఒక్కణ్ణి. ఆ మాస్టారు చాలు."

"నియమం ఒప్పుకోదమ్మా. దయచేసి."

"కొండ పోతే నీ నియమాన్ని ఎక్కడ ఆరేస్తావు?"

ఆ పిల్ల తన బిళ్ళని అరచేత్తో మూసి, గుసగుసగా అంది: "నాకు తెలీదనుకున్నారా? పైకి రాశాను. అతిథులు తృప్తిగా ఉన్నచోట మార్పు అక్కర్లేదని జవాబొచ్చింది. నేను గట్టిగా మాట్లాడితే నన్నూ తీసేస్తుంది. ఇంతకుముందు మూడు విడిదుల్లో పనిచేశాను, మూడూ మూతపడ్డాయి. ఇదీ పోతే నన్ను ఇంకెవరూ పెట్టుకోరు."

"పోనీ నువ్వే జారు."

"సిబ్బంది జారితే చెల్లదమ్మా. అతిథే జారాలి."

"అయితే వాళ్ళకి అన్నం మానిపించు. ఆకలేస్తే దిగుతారు."

"అమ్మో! అమర్యాద."

"మరి మర్యాదగా చావండి" అని వచ్చేశాను. బిళ్ళ దాన్ని మైకులో ఏమని చెప్పిందో గానీ, గుడారాల్లోంచి చప్పట్లు వినపడ్డాయి.

ఐదో మొర

బోర్డు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. గొర్లె సుందరనాయుడు. పెద్దమనిషి, ఉన్నికోటు, చేతిలో గొడుగు. మంచుకొండకి గొడుగెందుకో అడగలేదు. వెనక గొట్టాలు మోసుకుంటూ పనివాళ్ళు. పరీక్ష చూడకముందే గొట్టాలు వరసగా పేర్చేశారు.

"ఇవాళ్టితో సీజను ఆఖరు. సూర్యుడు ఆ ఎదుటి గట్టు దాటితే అయిపోయినట్టే. ఈలోపు ఒక్క అతిథి జారితే నా మనుషులు గొట్టాలు ఎత్తుకుని వెళ్ళిపోతారు" అన్నాడు.

కాంతారావుగారు ఆయనకి కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించి, "తమరు దయచేశారు, ముందు తమరు కానివ్వండి" అన్నాడు. ఇన్‌స్పెక్టరు కంగారుపడి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

మధ్యాహ్నం దాటింది. ఎండ గట్టు వైపు వాలింది. నేనిక ఆగలేదు. బిళ్ళ తెంపి మంచులో పారేశాను. అంచుకెళ్ళి మాస్టారి ముందు నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాను.

"ఏవయ్యా తెనాలి మాస్టారూ! పిల్లలకి ఎక్కాలు చెబుతున్నావే, నీకు ఒకటో ఎక్కం కూడా రాదేటి? ఒకటి! ఒక్కటంటే ఒక్క అడుగు! ఆ మీసాల్లో ఉన్న మంచుకి కూడా సిగ్గేసి రాలిపోతోంది, నువ్వు రాలవేం? నువ్వు పుట్టినప్పుడైనా నీ అంతట నువ్వే వచ్చావా, మంత్రసానిని ముందు కానివ్వమన్నావా?"

బాగా తిట్టాను. లోవరాజుగారు ఉంటే కొత్తచీర పెట్టేవారు. మాస్టారి కళ్ళు చెమర్చాయి. చేతులు జోడించాడు.

"ఎంత చక్కగా తిట్టారండీ. కానీ నాకెందుకు? వెనకాయన ఎప్పట్నుంచో వేచి ఉన్నారు. ముందు వారిని తిట్టండి."

"అబ్బే, నాదేముంది" అన్నాడు వెనకాయన, "ఆడవాళ్ళకి ముందు కానివ్వండి తిట్లు."

విన్నావా పెట్టే? తిట్టుని కూడా వడ్డనలో గారెలా పక్క విస్తరికి నెట్టేశారు!

అప్పుడు మైకులో తేనెగొంతు: "సిబ్బంది రొంగలి దాలెమ్మగారిని అమర్యాద కారణంగా ఉద్యోగం నుంచి తొలగించడమైనది." చిన్న టింగు. "గౌరవనీయ అతిథి రొంగలి దాలెమ్మగారికి స్వాగతం. తమ రాక మా భాగ్యం."

నేను మేనేజరమ్మ వైపు తిరిగాను. "ఇదేటే?"

"కొండ మీద ఉన్నవాళ్ళు యంత్రానికి రెండే రకాలమ్మా. సిబ్బంది కాకపోతే అతిథి." అంటూండగానే ఆ పిల్ల మొహం మారిపోయింది. నా వైపు చూసింది. గట్టు మీద సూర్యుణ్ణి చూసింది. ఇన్‌స్పెక్టర్ని చూసింది. "అమ్మా," అంది మెల్లగా, "మీరు అతిథి."

నాకూ అప్పుడే అర్థమైంది. ఎవరో నాకు కాఫీ ఇచ్చారు. కాంతారావుగారు వంగి తన చెక్కలు నా కాళ్ళకి కట్టడం మొదలెట్టాడు, "నాకిప్పుడు అవసరం లేదండీ, వాడుకోండి" అంటూ.

అంచుకెళ్ళాను. కిందకి చూశాను. అంత లోతుందని ఈ నోటితో ఎంతమందిని తోసినా నాకు తెలీదు. అక్కడ సన్యాసిరావు చీమంత కనపడుతున్నాడు, చేతులూపుతున్నాడు. రమ్మంటున్నాడో వద్దంటున్నాడో.

"కొంచెం ఆగి వెళ్తానమ్మా" అన్నాను.

"తమకు వీలైనప్పుడు..." అంది మేనేజరమ్మ అలవాటు కొద్దీ. అని ఆగింది. బిళ్ళ మెడలోంచి తీసి ఇన్‌స్పెక్టరు కాఫీకప్పులో పడేసింది. తర్వాత ఆ పిల్ల నోట్లోంచి వచ్చింది చూడూ, బొబ్బిలి సంతలో చేపలగంప దించినట్టు!

"ఏటే ముసిల్దానా! ఊరందర్నీ తోసినదానివి, నీకాడికొచ్చీసరికి కాళ్ళు రావేటే? నోరు సూస్తే కొండంత, గుండె సూస్తే ఉసిరికాయంతా? ముక్కుపచ్చలారని గుంటలూ గుంటళ్ళూ నీ తిట్లకి జడిసి దూకీసినారు. నువ్వేమో సామాన్ల కుర్చీలో దుంపల బస్తాలాగ ఊరేగినావు! ఇన్నాళ్ళూ నీకు కూడెట్టింది ఈ మంచే కాదేటే? దిగుతావా, నా సెయ్యి తగలాలా?"

నన్ను! చలిమెట్ట దాలెమ్మని! నిన్నగాక మొన్న బండి దిగిన గుంట! "ఏటన్నావే" అందామని వెనక్కి తిరిగి నోరు తెరిచాను. తెరిచిన నోట్లోకి మంచొచ్చింది.

ఎలా జారానని అడక్కండి. మొదట కాళ్ళ మీద, తర్వాత కూర్చుని, ఆ తర్వాత నాకు ఏది కాలో ఏది తలో తెలిసే వీలు లేకపోయింది. చీర కొంగు వెనక జెండాలా లేచిందని సన్యాసిరావు అంటాడు. దారి పొడుగునా మేనేజరమ్మని తిడుతూనే ఉన్నాననీ, ఏడూళ్ళకీ వినపడిందనీ అంటాడు. లిఫ్టు పక్క గడ్డివాములో ఆగాను. ఎండ ఇంకా గట్టు మీదే ఉంది.

"అప్పా, బతికున్నావా?"

"అదేటన్నదో విన్నావట్రా? నన్ను దుంపల బస్తా అంది!"

పైన కాంతారావుగారు అందరికీ చెప్పాడట: "పెద్దావిడ ముందెళ్ళారు కదా, ఇక మనం బయల్దేరితే తప్పులేదు." కొండ మీద అందరికంటే పెద్దదాన్ని నేనే. ఆ పెద్ద కోసమే అందరూ ఆగినట్టుంది. ఒకరి వెనక ఒకరు, గుడారాలు వొదిలేసి, ఎక్కాలు అరుచుకుంటూ పిల్లలూ, కొయ్యలాంటి చీరలు చంకలో పెట్టుకుని అక్కచెల్లెళ్ళూ దిగారు. అయితే అప్పటికి సూర్యుడు గట్టు దాటిపోయాడు. ఇన్‌స్పెక్టరు నా జారుడొక్కటే లెక్క అన్నాడు. అది కూడా అతిథి జారుడో సిబ్బంది జారుడో నీటికోర్టులో తేల్చుకుంటామని, గొట్టాలు అక్కడే పెట్టించి వెళ్ళాడు.

ఆరో మొర

ఇది ఆఖరిది. జడ్జీలు చెవులొగ్గి వినండి.

మళ్ళీ పైనే ఉన్నాను. సన్యాసిరావు నన్ను అతిథుల కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్ళ మీద దుప్పటి కప్పి పంపాడు. నా గదిలోనే ఉన్నాను, అతిథిగా.

ఇవాళ నా గుమ్మంలోకి ఎవరొచ్చారనుకున్నారు? ఇన్‌స్పెక్టరు సుందరనాయుడు. చేతిలో పూలదండ, కాజాల పొట్లం.

"శుభాకాంక్షలమ్మా! మృదుహస్తం వాళ్ళు మీ ఉద్యోగం మీకిచ్చేశారు. అతిథులంతా మిమ్మల్ని తెగ మెచ్చుకున్నారట. ఉద్యోగం అసలు ఎప్పుడూ పోనట్టే లెక్కట. జీతం, గది, ముసలితనానికి బియ్యం, అన్నీ. ఇక్కడ వేలిముద్ర వేస్తే చాలు."

"మీ బోర్డుకి నా మీద ఇంత ప్రేమెందుకయ్యా?"

"మంచివారికి మంచి జరగాలని" అన్నాడు. కళ్ళు మాత్రం కిటికీలోంచి గొట్టాల వైపు ఉన్నాయి.

నన్ను తిట్టిన పాపానికి తనూ ఉద్యోగం పోయి అతిథయిన మేనేజరమ్మ విరజ గుమ్మం పక్కనుంచి తల అడ్డంగా ఊపుతోంది. ఊపక్కర్లేదే అమ్మాయ్, నాకు చదువు లేదు గానీ బుర్ర ఉంది. ఉద్యోగం ఎప్పుడూ పోనట్టయితే, జారినప్పుడు నేను సిబ్బందిని. సిబ్బంది జారితే చెల్లదు. నా వేలు ఆ కాయితం మీద పడిన మరుక్షణం గొట్టాలు మంచులోకి దిగుతాయి.

కాజాలు తీసుకున్నాను. దండ కూడా. వేలు ఇవ్వలేదు.

కాబట్టి కోర్టువారూ, నా మొర ఇదీ. నాకు ఉద్యోగం వద్దు. జీతం వద్దు. రేపు మంచాన పడితే బియ్యం ఎక్కడ్నుంచి వస్తుందో నాకు తెలీదు. తెలీకపోయినా ఈ మాట అంటున్నాను, గొప్పలకి కాదు. న్యాయంగా తీసేశారు, తీసేసినట్టే ఉంచండి. నేను అమర్యాదస్తురాలినని తీర్పులో పెద్దక్షరాలతో రాయండి. నేను ఈ కొండ మీద అతిథిని. ఇంకో మాట. మర్యాద నియమాలన్నీ విరజ చేత చదివించుకున్నాను. సిబ్బంది అతిథిని తిట్టకూడదని ఉంది. అతిథి అతిథిని తిట్టకూడదని ఎక్కడా లేదు. వచ్చే సీజన్లో అంచున నిలబడి ఏం చేస్తానో మీకు చెప్పక్కర్లేదు. నన్ను దింపమంటే, నాకు వీలైనప్పుడు దిగుతాను. ఇప్పట్లో వీలు లేదు.

మీరు ముగ్గురట, తీర్పు చెప్పేవాళ్ళు. "ముందు మీరు చెప్పండి", "అబ్బే మీరు పెద్దవారు" అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయిదాలు వేస్తున్నారని విన్నాను. ఏవయ్యా, ఆ ఎత్తు కుర్చీలెక్కింది కిందకి చూసి జడుసుకోడానికా? నల్లకోటు వేసుకున్న గుమ్మడికాయల్లాగ ఏటా కూర్చోడం? చైత్రం వచ్చేస్తోంది, గొట్టాలు నా గుమ్మంలో ఉన్నాయి. మీలో ముందు పుట్టినవాడెవడో, నోరు తెరువు!